తీర్థము – స్వార్థము: ఒక ప్రయాణమున రెండు ఫలములు

"తీర్థమునకు తీర్థము, స్వార్థమునకు స్వార్థము" అని మన పెద్దలు నవ్వుచు చెప్పు మాట యొకటి కలదు. దేవుని చూడబోయినవాడు ఆ దారిలోనే సంతలో ఎడ్లను బేరమాడి, పిల్లకు సంబంధము విచారించి, రాత్రి భాగవతము చూచి ఇల్లు చేరును. అట్టివానిని గూర్చి పుట్టిన మాట యిది. వినువారికి ఇందులో కొంత ఎగతాళి తోచును. కాని చరిత్రను పరిశీలించినచో, యాత్రను వినోదమును ఒకే మూటలో కట్టుకొని పోవుట అన్ని దేశములందును ఉన్న అలవాటేయని తెలియగలదు. దానికి బలమైన కారణములును కలవు. జిమల్‌గట్ట, సిరోంచ ప్రాంతములందు ఆ అలవాటు ఏ రూపమున సాగినదో, ఇప్పుడెట్లు మారుచున్నదో, ఆ మార్పును ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు ఎందుకు గమనింపవలెనో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఒక దూరపు దృష్టాంతమును గ్రహింతము. అమెరికాలో బేస్‌బాల్ అను కర్రబంతి ఆట జాతీయ వినోదమని పేరొందినది. ఉత్తరపు నగరములలో మాఘ ఫాల్గుణములందు మంచు వీడదు. మైదానములు ఆటకు పనికిరావు. అందుచేత అచ్చటి జట్లు వేసవి పోటీలకు ముందు వెచ్చని దక్షిణ ప్రాంతములకు పోయి, ఫిబ్రవరి నడుమ నుండి మార్చి చివరి వరకు సాధన చేయుచు, తమలో తాము పరీక్షార్థపు ఆటలు ఆడుకొందురు. ఇది వసంతకాల శిక్షణ. 1913లో షికాగో జట్టొకటి ఫ్లారిడా రాష్ట్రములోని టాంపా నగరమునకు వచ్చెను. మరుసటి యేడు, 1914లో, సెయింట్ పీటర్స్‌బర్గ్ పురప్రముఖుడగు ఆల్ లాంగ్ సెయింట్ లూయీ జట్టు నొకదానిని తమ ఊరికి రప్పించెను. ఈయన చాకిరేవు కర్మాగారము నడిపి ధనము గడించినవాడు. తరువాత ఆ ఊరికి మేయరయ్యెను. జట్టు వచ్చిన దానిని చూచుటకు జనులు వత్తురనియు, జనులు వచ్చిన వసతిగృహములు నిండుననియు ఆయన గ్రహించెను. నేడు ముప్పది ప్రధాన జట్లలో పదునైదు ఫ్లారిడాలోను, పదునైదు అరిజోనాలోను ఈ శిక్షణ సాగించుచున్నవి.

ఈ ఆటలకు గెలుపోటముల బరువు లేదు. మైదానములు చిన్నవి. పేరుమోసిన ఆటగాడు కంచె దగ్గరకు వచ్చి పిల్లవాని బంతిపై సంతకము చేసిపోవును. 1971 అక్టోబరు 1వ తేదీన అదే రాష్ట్రములో ఆర్లండో నగరమునకు సమీపమున వాల్ట్ డిస్నీ వరల్డ్ అను మహా వినోదోద్యానము తెరువబడెను. అప్పటికే ఆర్లండోలో మినెసోటా జట్టు వసంత శిక్షణ జరుగుచుండెడిది. 1990 వరకు అట్లే జరిగినది. పాఠశాలలకు వసంతపు సెలవులు వచ్చుటయు ఈ దినములలోనే. ఇంకేమి కావలెను? తండ్రికి ఆట, పిల్లలకు ఉద్యానము, తల్లికి ఎండయు విశ్రాంతియు. ఒకే ప్రయాణమున అందరి కోరికయు తీరుచుండెను. తుదకు ఉద్యానమువారే 1997లో తమ ఆవరణలో క్రీడాప్రాంగణము నిర్మించిరి. 1998 నుండి 2019 వరకు అట్లాంటా జట్టు వసంతకాల శిక్షణ అచ్చటనే జరిగినది. 2019లో ఆ జట్టు ఆ రాష్ట్రములోనే మరియొక ఊరికి తరలిపోయెను. అయినను కుటుంబములు మానలేదు. ఒక పూట ఉద్యానము, ఒక పూట కారెక్కి లేక్‌లాండ్ వంటి పొరుగూరిలో ఆట చూచుట ఇప్పటికిని కలదు. ఆ లేక్‌లాండునకు డిట్రాయిట్ జట్టు 1934లోనే వచ్చి చేరినది.

ఈ వృత్తాంతములో గమనింపదగినవి మూడు. మొదటిది, పనిలేని ఋతువు. రెండవది, ఒక్కొక్క వయస్సువానికి ఒక్కొక్క ఆకర్షణ. మూడవది, అతిథులను రాత్రి నిలుపుకొనగోరు ఊరు. ఈ మూడును కలిసినచోట తీర్థమును స్వార్థమును కలిసిన ప్రయాణము దానంతటదే పుట్టును. ఇక మన ప్రాంతమునకు వత్తము. ఈ మూడును ఇచ్చట ఫ్లారిడా కంటె చాల ముందే ఉండినవి.

ఆలాపల్లి నుండి సిరోంచకు దక్షిణముగా పోవు అడవిదారిపై జిమల్‌గట్ట ఉన్నది. ఉత్తరమున మరాఠీ, చుట్టును గోండు మాడియా భాషలు, దక్షిణమునకు పోయినకొలది తెలుగు. సిరోంచ పట్టణము ప్రాణహిత యొడ్డున, ఆ నది గోదావరిలో కలియుచోటికి కొలదిదూరములో నున్నది. ఈ సీమ మీది పాలనము పలుమారులు చేతులు మారినది. 1860లో ఇది ఆంగ్లేయ ప్రభుత్వపు చేతికి రాగా, సిరోంచ ముఖ్యపట్టణముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను. 1874లో ఆ జిల్లాను తీసివేసి చాందా జిల్లాలో కలిపిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములో నూగూరు, ఆల్బాక, చెర్ల తాలూకాలు మద్రాసు రాజధానిలో చేరగా, సిరోంచ మాత్రము మధ్యపరగణాలలోనే నిలిచిపోయెను. 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్రము, 1982 ఆగస్టు 26 నుండి గడ్చిరోలి జిల్లా. ఇట్లు ఏలుబడులు మారినను బంధుత్వములు మారలేదు. ఇక్కడి ఇంటి ఆడపడుచు ఏటికావల, ఆవలి ఇంటి ఆడపడుచు ఇక్కడ.

గోదావరిని రాచబాటగా చేయవలెనని ఆర్థర్ కాటన్ దొర కన్న కల యొకటి కలదు. రాతిబండల అడ్డంకులను దాటించుటకు దుమ్ముగూడెము మొదలగుచోట్ల ఆనకట్టలు, కాలువలు తలపెట్టి, చాల ధనము వెచ్చించి, 1871లో ఆ పని విడిచిపెట్టిరి. నది వెంట పోవు బాట కాలేదు గనుక, అది అడ్డముగా దాటవలసిన ఏరుగానే మిగిలెను. వానకాలములో ఏళ్లు పొంగి దారులు తెగును. వరికోతలు ముగిసి, నీరు తగ్గి, బండిబాట గట్టిపడిన పిమ్మటనే బంధువులు బంధువులను చూచుట. అనగా మన ప్రాంతములో ప్రయాణమునకు ఋతువు ప్రకృతియే నిర్ణయించినది: దీపావళి మొదలు హోళీ వరకు.

ఆ ఋతువులో మనకు ఉత్తరమున ఏమి జరుగునో చూతము. భండారా, గోందియా, చంద్రపురము, గడ్చిరోలి జిల్లాలలోని వరిసీమకు ఝాడీపట్టి యని పేరు. దీపావళి వెళ్లిన రెండవనాడు యమద్వితీయ. ఆనాడు సోదరి చేతి భోజనము చేయుటను మనవారు భగినీహస్తభోజనమందురు. మరాఠీవారు భావుబీజ్ అందురు. దాని వెంటనే ఊరూర మండయి అను జాతరలు మొదలగును. ఆ పిమ్మట చలికాలమంతయు శంకర్‌పట్ అను ఎడ్ల పందెములు. తేలికబండికి జోడెడ్లను కట్టి, చదును చేసిన తిన్నని దారిపై పరుగు తీయింతురు. పగలు పందెము, రాత్రి నాటకము. రాత్రి తొమ్మిది పది గంటలకు ఆరంభమైన నాటకము తెల్లవారువరకు సాగును. వడసా యనబడు దేశాయిగంజ్ పట్టణములో నాటక సంఘములు కార్యాలయములు పెట్టుకొని, గ్రామములవారితో తేదీలు కుదుర్చుకొనును. దండార్ వంటి జానపద ప్రదర్శనములనుండి పెరిగిన ఈ రంగస్థలము సర్కారు సాయమునకై చూడక, టికెట్టు కొని కూర్చుండు పల్లె ప్రేక్షకుని నమ్ముకొని బ్రదికినది. ఈ రంగస్థల నటుడు గడ్చిరోలి జిల్లాకు చెందిన పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఇచ్చట పందెమునకును నాటకమునకును గల పొత్తు యాదృచ్ఛికము కాదు. పొరుగూరినుండి ఎడ్లను తోలుకొని వచ్చిన రైతు సాయంకాలము ఇరువదిమైళ్లు తిరిగి పోలేడు. ఎడ్లకు విశ్రాంతి కావలెను. ఉండిపోయినవాడు రాత్రి ఏమి చేయును? నాటకము చూచును. తన భర్త పోవుచున్నాడని భార్య, తల్లి పోవుచున్నదని పిల్లలు. వచ్చినవారికి ఆ ఊరి చుట్టములు వండిపెట్టవలెను. అట్లు చలిమంటల చుట్టును కూర్చుండి ఆ యేటి పంటను, ఈడువచ్చిన పిల్లలను గూర్చి మాటలు సాగును. ఎన్నో పెండ్లిండ్లకు తొలిమాట అట్టిచోట్లనే పడును. పందెము నెపము, నాటకము నెపము. అసలు లాభము ఆ బస.

ఈ పొత్తులో ఒక కాలు విరిగిన సందర్భమును ఇటీవలి చరిత్ర చూపినది. ఎడ్లను కొట్టుట, పొడుచుట మొదలగు హింసలను గూర్చిన ఆక్షేపణపై 2014 మే 7వ తేదీన సుప్రీంకోర్టు జల్లికట్టుతోపాటు ఎడ్లబండ్ల పందెములను నిషేధించెను. 2017లో మహారాష్ట్ర శాసనసభ చట్టమును సవరించినను, బొంబాయి హైకోర్టు పందెములకు అనుమతినీయలేదు. 2021 డిసెంబరు 16న సుప్రీంకోర్టు నియమములకు లోబడి పందెములు జరుపుకొనవచ్చుననెను. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సవరణ చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. ఇట్లు ఏడేండ్లకు పైగా పగటి ఆకర్షణ లేకపోయెను. అయినను నాటకము చావలేదు. దానికి మండయి జాతరల ఆధారము మిగిలియుండెను. కావున రెండు ఫలముల ప్రయాణమునకు మరియొక సుగుణము కలదని చెప్పవచ్చును: ఒకటి తప్పినను రెండవది చేయి పట్టుకొనును. నోరులేని జీవమును బాధింపకుండ పందెము జరుపుట న్యాయస్థానము విధించిన షరతు మాత్రమే కాదు, వినోదమునకు మర్యాద కూడను.

మన తెలుగునాట దీనికి సరియైన జోడు కోటప్పకొండ తిరునాళ్ల. పల్నాడు సీమలో నరసరావుపేటకు సమీపముననున్న ఆ త్రికూటేశ్వరుని సన్నిధికి శివరాత్రినాడు గ్రామములవారు ఎత్తైన ప్రభలను కట్టుకొని వత్తురు. వానిపై విద్యుద్దీపములు, వాని ముందు పాటకచేరులు. గుంటూరు, ప్రకాశము సీమలలో ఇట్టి తిరునాళ్లకును సంక్రాంతికిని ఒంగోలు జాతి ఎడ్లచేత బండలాగించు పోటీలు జరుగును. ఎడ్ల వయస్సును పండ్లబట్టి నిర్ణయించి, పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని విభాగములు చేయుదురు. నియమితకాలములో ఏ జత ఎన్ని అడుగుల దూరము బండను లాగునో కొలిచి బహుమతి నిత్తురు. ముసలివారు కొండయెక్కి దర్శనము చేసికొందురు, పడుచువారు బండచుట్టును మూగుదురు, పిల్లలు రంగులరాట్నమెక్కుదురు. ఒకే బండిలో వచ్చినవారు మూడు దారులుగా చీలి, రాత్రి మరల ఒకే బండి క్రింద చేరుదురు.

హైదరాబాదు నగరములోను ఇట్టి ఋతువొకటి ఏర్పడినది. 1938లో ఆరంభమైన నుమాయిష్ ప్రదర్శనము 1946 నుండి నాంపల్లి మైదానములో జరుగుచు, జనవరి 1వ తేదీ మొదలు నలువదియారు దినములు సాగుట పరిపాటి. జిల్లాలనుండి వచ్చువారికి ఇది బంధువుల ఇంట దిగుటకు మంచి సాకు. ఇక ఋతువు ముందరి ఆటయను భావమును మనకు క్రొత్త కాదు. 1930లో సికింద్రాబాదున ఆరంభమైన మొయినుద్దౌలా స్వర్ణపాత్ర క్రికెట్ పోటీ, తరువాతి దశాబ్దములలో దేశీయ క్రికెట్ ఋతువునకు నాందిగా జరుగుచు వచ్చెను. దాని తొలి యేటనే విజయనగర మహారాజకుమారుని జట్టు గెలిచెను. ఆ ఋతువులో ఆయన ఆంగ్లదేశపు మేటి ఆటగాండ్రయిన హాబ్స్, సట్‌క్లిఫ్‌లను పిలిపించి తన జట్టున ఆడించెను. పెద్దపోటీలకు ముందు పెద్ద ఆటగాండ్రను దగ్గరనుండి చూచు భాగ్యము ఫ్లారిడా పిల్లలకే కాదు, సికింద్రాబాదు పిల్లలకును దక్కినది.

ఇక సిరోంచకు తిరిగివత్తము. ఝాడీపట్టి ఉత్తరమున ఉన్నట్లే, దక్షిణమున గోదావరి ఆవలి యొడ్డున కాళేశ్వరము కలదు. అచ్చట ఒకే పానవట్టముపై రెండు లింగములు. ఒకటి కాళేశ్వరుడు, ఒకటి ముక్తీశ్వరుడు. శ్రీశైలము, ద్రాక్షారామములతో కలిపి ఈ మూడు లింగముల నడుమనున్నది త్రిలింగదేశమని ప్రతీతి. ప్రాణహిత గోదావరులు కలియుచోట అంతర్వాహినిగా సరస్వతి కూడనున్నదని నమ్మి, త్రివేణీసంగమమని స్నానము చేయుదురు. శివరాత్రికి ఇరుదరులవారును చేరుదురు. పండ్రెండేండ్లకొకమారు వచ్చు ప్రాణహిత పుష్కరములు 2010 డిసెంబరులోను, 2022 ఏప్రిల్ 13 నుండి 24 వరకును జరిగినవి. అప్పుడు ఈ యొడ్డున సిరోంచ, ఆ యొడ్డున కాళేశ్వరము, అర్జునగుట్ట, ఎగువన తుమ్మిడిహెట్టి స్నానఘట్టములతో నిండినవి. 2025 మేలో సరస్వతీ పుష్కరములు జరిగినవి. తెలంగాణ పల్లెలలో ఇట్టి జాతరలకు ఒగ్గుకథలు, చిందు భాగవతములు తోడైనవి. పగలు స్నానము, రాత్రి కథ. అచ్చటి నాటకము వలెనే ఇచ్చటి కథయు తెల్లవారువరకు.

కావున జిమల్‌గట్ట తెలుగు కుటుంబమునకు రెండు దిక్కుల రెండు పిలుపులు. ఉత్తరపు పిలుపు మరాఠీలో; దక్షిణపు పిలుపు తెలుగులో. ఇంటిలో తెలుగు మాటలాడి, పాఠశాలలో మరాఠీ చదువుకొను బాలునికి ఈ రెండు ప్రయాణములును రెండు బడులు. శంకర్‌పట్ మైదానమున పొరుగువాని భాషలో కేకలు వేయుట నేర్చును. కాళేశ్వరములో తాతమ్మతో కూర్చుండి, మేనమామల ఊరి పలుకుబడిని, కథకుని తెలుగును, పుస్తకమున దొరకని సామెతలను చెవినింపుకొనును. అల్పసంఖ్యాకులమై యుండియు రెండు భాషలను చిన్నతనముననే ఇముడ్చుకొనుట మనకు భారము కాలేదనినచో, అందు ఈ జాతరల పాలు కొంత కలదు.

ఇప్పుడు మారుచున్నదేమి? ఈ శతాబ్దపు రెండవ దశాబ్దములో సిరోంచ కాళేశ్వరముల నడుమ గోదావరిపై వంతెన పూర్తియైనది. పూర్వము పడవకై వేచి, రేవు దాటి, ఆవలియొడ్డున ఎవరి ఇంటనో దిగవలసియుండెను. నేడు ఉదయము బయలుదేరి, స్నానము, దర్శనము, భోజనము ముగించి, ప్రొద్దు గ్రుంకులోపల ఇల్లు చేరవచ్చును. వంతెన గొప్ప ఉపకారము. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవు వానికి, పంట అమ్ముకొను వానికి దాని విలువ తెలియును. రేవు కష్టములు మరల రావలెనని ఎవరును కోరరు. కాని దూరము తగ్గుటతో బసయు తగ్గినది. చూచుట సులభమైనది, ఉండుట అరుదైనది. బంధువుల గుమ్మమున నిలుచుండి "మరొకసారి వత్తుము" అని చెప్పి పోవు ప్రయాణమున, పిల్లవానికి ఆ ఇంటి పిల్లలతో పొత్తు కుదురదు. ముసలమ్మకు కథ చెప్పు తీరిక దొరకదు. ఒక తరము ఇట్లు గడచినచో ఏటికావలివారు చుట్టములుగాక ఎరిగినవారు మాత్రమే యగుదురు. రాష్ట్రముల ఎల్లలు చేయలేకపోయిన పనిని తొందర చేయగలదు.

ఫ్లారిడా వృత్తాంతము ఇక్కడ పనికివచ్చును. అచ్చట రోడ్లకును కార్లకును కొదువలేదు. అయినను కుటుంబములు వారముదినములు నిలుచుటకు కారణము, ఒక పూటలో తీరని రెండు కోరికలుండుట. ఒకే ఆకర్షణ యున్నచోట జనులు వచ్చి పోవుదురు, రెండున్నచోట నిలుతురు. ఆల్ లాంగ్ గ్రహించినదియు, మండయి పెట్టిన పల్లెపెద్దలు గ్రహించినదియు ఒక్కటే. రాత్రి నిలిచిన అతిథియే ఊరికి లాభము, బంధుత్వమునకు బలము.

అందుచేత మన తెలుగు సంఘములవారికి ఒక మనవి. శివరాత్రికో, సంక్రాంతికో యాత్ర తలపెట్టినప్పుడు, దర్శనమును మాత్రమే గాక, పిల్లలు చూచుటకు ఒక ఆటను, రాత్రి వినుటకు ఒక కథను కూర్పుడు. ఆట ఎడ్లపందెమే కానక్కరలేదు. చెడుగుడు చాలును, కుస్తీ చాలును. ఈ యొడ్డు పిల్లలును ఆ యొడ్డు పిల్లలును రెండు జట్లుగా ఆడినచో మరియు మంచిది. ఒగ్గుకథకుని ఒకరిని పిలుచుట పెద్ద వ్యయము కాదు. ఆ రాత్రికి అతిథులను సత్రములో గాక బంధుమిత్రుల ఇండ్లలో దింపుడు. గోదావరికి మరల పుష్కరములు 2027లో రానున్నవి. స్నానఘట్టములను ప్రభుత్వములు కట్టును. పడకలు పరచి, అన్నము పెట్టి, రాత్రి నిలుపుకొనుట మాత్రము మన ఇండ్లవారు చేయవలసిన పని.

తీర్థములో స్వార్థము కలిసినదని పెద్దలు నవ్విరే గాని, దానిని మానుమని చెప్పలేదు. అందులోని స్వార్థము ఒక్కనిది కాదు, కుటుంబమంతటిది. తాత మునుగుటకు ఏరు, మనుమడు కేకలు వేయుటకు ఆట, ఇద్దరును కలిసి మేలుకొనుటకు కథ కావలెను. ఈ మూడును ఒక ప్రయాణమున దొరకినంతకాలము ఏటికి ఇరుదరుల తెలుగు ఒక్కటిగానే వినబడును.